పాట పాడి పలకనివాళ్లు

ఈ ఉదయం దుకాణానికి ఒక పాత చేతి కుట్టుమిషను వచ్చింది. గోనెసంచి విప్పగానే ముక్కిపోయిన వేరుశనగ నూనె వాసన గుప్పుమంది. మిషను నూనె దొరకని ఊళ్లలో ఆడవాళ్లు వంటింటి నూనే రెండు చుక్కలు పోసేస్తారు. ఏళ్లు గడిచేసరికి అది జిగురై లోపలి పళ్లచక్రాల మధ్య గట్టిపడిపోతుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు ఆదినారాయణ శెట్టిగారు గుర్తొస్తారు. మిషనును తిప్పి చూడకముందే ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని, "చెనిక్కాయ నూనె. ఇది బాగా కష్టపడిన మిషను పద్మా," అనేవారు.

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లకు సూదులు, బెల్టులు, బాబిన్లు అమ్మే దుకాణం ఆయనది. నేను ఒక యూనిట్లో తొమ్మిదేళ్లు జేబులు కుట్టాను. అది మూతపడితే పని అడుక్కుంటూ ఆయన దగ్గరికి వెళ్లాను. అప్పటికే ఆయనకో కొత్త పిచ్చి పట్టుకుని ఉంది. పాత ఇనుము వ్యాపారుల దగ్గర పడి ఉన్న నల్లటి చేతిమిషన్లను తెచ్చి, విప్పి, కడిగి, మళ్లీ తిరిగేలా చేయడం. వాటిని ఇంటర్నెట్‌లో వేలం వేయవచ్చని ఎవరో చెప్పారట. ఆయనకు మిషను తెలుసు, నాకు ఫోను తెలుసు. అలా కుదిరింది. ఫోటోలు తీయడం, సైటులో పెట్టడం, అడిగినవాళ్లకు జవాబులు రాయడం నా పని. పాట వారం రోజులు నడిచేది. హెచ్చు పాట పాడినవాళ్లు మూడు రోజుల్లో డబ్బు కట్టాలి. కడితే పెట్టెలో సర్ది పంపేవాళ్లం.

చేరిన రెండో నెలలోనే మొదటి దెబ్బ తగిలింది. నెల్లూరు నుంచి ఒకాయన ఆఖరి నిమిషం దాకా పోటీపడి పాట గెలిచాడు. ఆ తర్వాత పలకలేదు. సందేశాలు చూస్తున్నాడు, జవాబు లేదు. మూడు రోజులు, నాలుగు రోజులు. మనల్ని ఆటపట్టించాడన్న కోపంతో నేను ఇంత పొడుగు సందేశం రాసి, పంపే ముందు శెట్టిగారికి చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"బాగానే రాసినావు. అయితే తీసేయ్," అన్నారు.

"ఎందుకు సార్? మన వారం రోజులు పాడు చేసినాడు కదా."

"తిట్టేదానికి యాడికి పోతాది టైము? ఎప్పుడైనా తిట్టొచ్చు. ముందు ఎందుకు పాడినాడో కనుక్కో. నాకు అది తెల్సుకోవాలని ఉండాది."

ఆయనే ఫోను తీసుకుని చేశారు. గొంతులో విసుగు లేదు, వెటకారం లేదు. పక్కింటివాళ్లను పలకరించినట్టు, "ఏమైందప్పా, మిషను వద్దనుకున్నావా?" అన్నారు. అవతలి మనిషి మొదట నీళ్లు నమిలాడు. తర్వాత నిజం చెప్పేశాడు. ఇంకొకడు పాట పెంచుతుంటే ఓడిపోకూడదనిపించిందట. గెలిచాక చూసుకుంటే తన ఇంట్లో మిషను పెట్టే చోటు కూడా లేదట. శెట్టిగారు పగలబడి నవ్వి, "పోనీలేప్పా, ఈసారి పాడే ముందు ఇల్లు కొలుచుకో," అని పెట్టేశారు. నావైపు తిరిగి, "ఆయప్పకు కావాల్సింది గెలుపు. దొరికె. రెండో పాట ఎవరిదో చూడు, వాళ్లకు మిషను కావాలేమో," అన్నారు. నిజంగానే రెండో పాటదారు మర్నాడే డబ్బు కట్టి తీసుకున్నాడు.

అలాగని ఆయన మెత్తని మనిషేం కాదు. ఒకే మనిషి రెండు పేర్లతో పాటలు పెంచి చివర్లో మాయమైపోతున్నాడని తేలినప్పుడు ఇంకొక్క మాట మాట్లాడకుండా ఆ రెండు పేర్లనూ మా పాటల్లోకి రాకుండా ఆపించారు. "కారణం తెల్సిపాయె. ఇంక మాటలెందుకు?" అన్నారు. ఆయనకు కోపం కన్నా కుతూహలం ముందు వచ్చేది. చాలామందిలో ఈ వరస తలకిందులుగా ఉంటుందని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

సలోమి అనే ఆమె సంగతి ఆ మరుసటి ఎండాకాలంలో జరిగింది. అప్పుడు మా దగ్గర ఒక మంచి మిషను ఉంది. బంగారు రంగు పూలతీగ ఎక్కడా చెరగలేదు. దాని కోసం బెంగళూరు నుంచి ఒకరు, కుందుర్పి నుంచి ఒకరు పోటీపడ్డారు. మేం అనుకున్నదానికి రెట్టింపు పలికింది. కుందుర్పి మనిషి గెలిచింది. కట్టలేదు. వారమైనా కట్టలేదు. ఈలోగా బెంగళూరు ఆయన ఇంకెక్కడో వేరేది కొనేసుకున్నాడు. ఆ డబ్బుతో సానరాయి మోటారు కొనాలని శెట్టిగారు ఎన్నాళ్లుగానో అనుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

కట్టనివాళ్ల మీద ఫిర్యాదు పెట్టే వీలు సైటులో ఉంది. ఆ కుందుర్పి ఖాతా తెరిచి చూస్తే ఆమె మీద వేరే అమ్మకందార్లు అప్పటికే రెండు ఫిర్యాదులు చేసి ఉన్నారు. మూడోది పడితే ఖాతా మూసేస్తారు. నేను ఫిర్యాదు అంతా నింపాను. నొక్కడమే మిగిలింది.

"మూడు చోట్ల ఇట్లే చేసిందంటే ఏదో ఉండాది," అన్నారు శెట్టిగారు. "సరదాకు చేసేవాళ్లు ఇన్నిసార్లు చేయరు. ఫోను కలుపు."

ఆయన ఫోను నుంచే కలిపి స్పీకరు పెట్టాను. మూడోసారికి ఎత్తింది. పేరు సలోమి అంది. బళ్లారిలో ఒక హాస్టల్లో వంట చేస్తుందట, సొంతూరు కుందుర్పి. శెట్టిగారు ఎప్పటిలాగే అడిగారు.

"నాకు అడుగు చెక్క చూడాల అన్నా," అంది.

శెట్టిగారు నావైపు చూశారు. నాకూ అర్థం కాలేదు.

"మా అమ్మకు ఇట్లాంటి మిషనే ఉండె. చిన్నప్పుడు నాకు రాసేది వచ్చినాక, మిషను బోర్లించి అడుగు చెక్క మీద మొలతో మా అమ్మ పేరు చెక్కితిని. ఎస్తేరమ్మ అని. స్తే రాయడం సరిగా రాలేదు, ఏత్వం బదులు తలకట్టు ఇచ్చినా. మా అమ్మకు చదువు రాదు. నా పేరు రాసినావా అని ఊరికే తడుముకుంటా ఉండె. వానల్లేని ఏడు కూలి దొరక్క అది అమ్మేసి బెంగళూరికి పోతిమి. అమ్మ పోయి నాలుగేండ్లాయె. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే మాదిరి ఉంటాయన్నా. అడుగు చూస్తేనే తెలిసేది."

"మరి ముందే అడగొచ్చు కదమ్మా? పాట ఎందుకు పాడినావు?"

"అడిగినా. రెండుసార్లు మెసేజు పెట్టినా. యాడా ఎవురూ పలకరు. పాట గెలిస్తే మాత్రం వాళ్లే ఫోను చేస్తారు. నాది అయితే కట్టేద్దామని దుడ్లు దాచి పెట్టుకోనుండా అన్నా. కాకపోతే యాడ కట్టేది?"

నా ఫోనులో పాత సందేశాలు వెనక్కి జరిపి చూశాను. ఉన్నాయి. పాట మొదలైన రోజు ఒకటి, మూడో రోజు ఒకటి. 'అడుగు చెక్క ఫోటో పంపండి.' ఏదో ఊసుపోక అడుగుతున్నారనుకుని రెండూ వదిలేశాను. దాచిపెట్టడానికి లేదు. ఆయనకు చూపించాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

శెట్టిగారు కళ్లద్దాలు సర్దుకుని రెండూ చదివారు. ఫోనులో ఆమె ఇంకా ఉంది.

"అమ్మా సలోమీ, తప్పు మాదే. నువ్వు అడిగితే మేము పలకలా," అన్నారు. నా పేరు ఎత్తలేదు. తర్వాత బల్ల మీది మిషనును తానే జాగ్రత్తగా పక్కకు వాల్చి, అడుగు చెక్క మీది మసి తడిగుడ్డతో తుడిచారు. నేను వీడియో కాల్ చేసి చూపించాను. చెక్క నున్నగా ఉంది. చెదపురుగు తొలిచిన రెండు గీతలు తప్ప ఏమీ లేదు.

"ఇది కాదన్నా," అంది సలోమి. ఏడవలేదు. మీ పాట చెడగొట్టినాను, పెట్టె ఖర్చయినా ఇస్తానంది. "వద్దులే తల్లీ, ఏం ఖర్చయిందని? పెట్టె కట్టనే లేదు," అన్నారాయన.

ఫోను పెట్టేశాక నేను నింపిన ఫిర్యాదును తుడిచేశాను. చీవాట్లు పెడతారని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన మిషనును మళ్లీ నిలబెట్టారు. ఆ తర్వాత, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు: "అడుగు చెక్క ఎందుకు అడుగుతాండాదో అని నీకు అనిపించలేదా పద్మా?"

అనిపించలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన తల ఊపి, మిగతా మిషన్లు దించమన్నారు. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి దుకాణంలో ఉన్నవాటన్నిటినీ బోర్లించి ఫోటోలు తీశాం. పేర్లు రాసిన చెక్కలు ఇన్ని ఉంటాయని అంతవరకు మాకు తెలియదు. ఒకదాని కింద బలపంతో ఎక్కాలు. ఒకదాని కింద ఎవరిదో పెళ్లి తేదీ. ఒకదాని మీద చిన్నపిల్ల అరచేయి గీసి ఉంది. శెట్టిగారు ఒక్కోదాన్నీ వెలుతురులోకి జరిపి, "ఎవురిదబ్బా ఇది?" అనుకుంటూ సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నారు. మోటారు సంగతి మళ్లీ ఎత్తలేదు.

శెట్టిగారు పోయి రెండేళ్లవుతోంది. ఆయన కొడుక్కి సూదులు, బెల్టుల వ్యాపారం చాలు. పాత మిషన్ల పని నాకు వదిలేశాడు. పాట పాడి కట్టనివాళ్లు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు. ఎక్కువమందికి చెప్పుకోదగ్గ కారణమేదీ ఉండదు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఫిర్యాదు నింపే ముందు నా సందేశాల పెట్టె ఒకసారి తెరిచి చూసుకుంటాను, వాళ్లు అడిగి నేను పలకనిది ఏదైనా ఉందేమోనని. ఇంట్లోనూ అంతే. నా కూతురు మాట వినకపోతే, అరవడానికి నోరు తెరిచి, ఒక్కోసారి మూసుకుంటాను. ఒక్కోసారే.

సలోమి మిషను ఇంకా దొరకలేదు. పామిడిలో, ఉరవకొండలో పాత ఇనుము వ్యాపారులకు చెప్పి ఉంచాను. పోయిన నెల ఒకటి వచ్చింది. చెక్క మీద ఏవో గీతలుంటే వీడియో కాల్ చేసి చూపించాను. ఆమె హాస్టల్ వంటింట్లో పొయ్యి తగ్గించి, ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. అవి నాకు చదవరాని కన్నడ అక్షరాలు.

"కాదు పద్మక్కా," అంది. నేను మిషను ఎత్తబోయాను.

"ఉండుక్కా, అప్పుడే తిప్పొద్దు. ఎవురి పేరో చదివి చెప్తా."