గాల్లో యాభై అయిదు నిమిషాలు

జన్మలో విమానం మెట్టు తొక్కని మనిషికి విమానాల గురించి అంత ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ అంతుపట్టదు. టికెట్ల ఆఫీసులో ఆయన్ని అందరూ కిలోమీటర్ల బాబాయ్ అంటారు. గోడ మీది పటానికి స్కేలు ఆనించి, చెవి మీది పెన్సిలు తీసి, రెండు ఊళ్ళ మధ్య సన్నగా గీత గీసి, దూరమెంతో, ప్రయాణం ఎంతసేపో చెబుతాడు. చెప్పాక, పైలట్లంతా తన దగ్గరే నేర్చుకున్నట్టు మీసం దువ్వుకుంటాడు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న రోడ్లూ, వరసలూ, పెట్టెల కోసం పడిగాపులూ ఆయన లెక్కలోకి రావు.

ఒక ఉదయం తొమ్మిదింటికి, బట్టలు కుట్టుకునే ఒకామె ఆయాసపడుతూ వచ్చింది. పొరుగు నగరంలో సాయంత్రం అయిదింటికి వాళ్ళక్కకు గుండె ఆపరేషన్. ఈలోపే వెళ్ళి ఒక్కసారి మాట్లాడాలి.

"బస్సు సిద్ధంగా ఉంది బాబాయ్‌గారూ, నాలుగింటికి దించుతాడట. ఎక్కేయనా?"

"ఏడు గంటలు నడుం విరగ్గొట్టుకుంటావా తల్లీ? నాలుగొందల ఇరవై కిలోమీటర్లు. రెండింటి విమానమెక్కితే గాల్లో యాభై అయిదు నిమిషాలు. మూడింటికి మీ అక్క పక్కన కూచుంటావు."

ఆమె బస్సు వదిలేసింది. విమానం దిగాక పెట్టె కోసం గంట, ఊళ్ళోకి వచ్చేసరికి మరో గంటన్నర. అప్పటికే అక్కను లోపలికి తీసుకెళ్ళారు. అక్క మళ్ళీ కళ్ళు తెరవలేదు.

పదిహేను రోజులకు ఆమె వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది. "చెల్లి వచ్చిందా అని అడుగుతూనే లోపలికెళ్ళిందట, బాబాయ్‌గారూ."

ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఆ రోజు విమానం వేళలు వెతికాడు. "చూడు తల్లీ, యాభై నాలుగే పట్టింది. నేను చెప్పినదాని కన్నా నిమిషం ముందే దించాడు."

ఆమె కదల్లేదు. భోజనం వేళయింది. ఆయన సొరుగుకు తాళం వేసి, క్యారేజీ అందుకుని, వస్తానని కూడా అనకుండా ఆమె పక్క నుంచే బయటికి నడిచాడు.