ముందు మోరీ సంగతి చెప్పు

నా చిన్నప్పుడు నాకు అందరికంటే ఎక్కువ కోపం తెప్పించిన మనిషి మా మేనత్త. నేను వారమంతా కష్టపడి మట్టితో కట్టిన ఊరి మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించింది మరి. ఆ కోపం ఆ సాయంత్రమే పోయింది. దాని వెనకే పట్టుకున్న ఇంకో కోపం మాత్రం తల నెరిసినా నన్ను వదల్లేదు.

అప్పుడు మేము న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ఉండేవాళ్ళం. నాన్నకు ఆస్పత్రిలో ఉద్యోగం. మేమున్నది గుట్ట కింద పాత చెక్క ఇల్లు. చలికాలం వస్తే గోడల మీద నల్లగా బూజు పట్టేది, పరుపులు అడుగున చెమ్మగిల్లేవి. నాలుగేళ్ళ మా తమ్ముడి ఛాతీలో పిల్లికూతలు పక్క గదిలోకి వినిపించేవి. వాడి గది ఆరితే తప్ప వాడు బాగుపడడని, ఆయాసం ఇంకోసారి ఇంత గట్టిగా వస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పేసింది. ఇంటి ఓనర్‌ది ఎప్పుడు పిలిచినా ఒకటే మాట. ఇదంతా మీ వంటల ఆవిరి వల్లే, ఆ పచ్చటి కూరలు తగ్గించండి, కిటికీలు తెరిచి పెట్టుకోండి అనేవాడు. మంచు పడే రోజుల్లో కిటికీలు తెరవాలట! ఇంకా ఒళ్ళు మండే సంగతి ఏమిటంటే, మా నాన్న అతనికి సారీ చెప్పేవాడు. ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతామని నాన్నకు భయం. ఆ ఊళ్ళో మనవాళ్ళు అప్పట్లో పట్టుమని పది మంది కూడా లేరు.

తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆ చలికాలం మా మేనత్త కరీంనగర్ నుంచి వచ్చింది. అక్కడ బడిలో సోషల్ చెప్పేది. ఆవిడ నోటికి నాన్న కూడా జంకేవాడు.

సరిగ్గా అప్పుడే మా స్కూల్లో సింధు లోయ నాగరికత మీద ప్రాజెక్టు ఇచ్చారు. అది మా వాళ్ళదని నాకు మహా గర్వం. నీలిరంగు నది, రెండంతస్తుల ఇళ్ళు, ధాన్యం కొట్లు, మధ్యలో పెద్ద స్నానాల కొలను, అన్నీ కట్టాను. నది వల్లే ఈ నాగరికత వర్ధిల్లిందని అట్ట మీద ఇంగ్లీషులో రాసి పక్కన నిలబెట్టాను. వెనక మెట్ల మీద ఆరబెడితే అత్తమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"అంతా మంచిగుంది గని, మోరి ఏదే?" అంది.

మోరీ అంటే మురిక్కాలువ. అలాంటి పాడు వస్తువు నా అందమైన ఊళ్ళో ఎందుకుంటుందని ఎదురు చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఊరి నడిబొడ్డున పోసేసింది. పోయే దారి లేక నీళ్ళు వీధుల్లో నిలిచిపోయాయి. చూస్తుండగానే ఇళ్ళు అడుగు నుంచి మెత్తబడి ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. నేను ఆవిణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నా తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. నది పక్కన ఎన్నో ఊళ్ళు వెలిశాయి, ఎన్నో పోయాయి. ఆ నగరాలు అంతకాలం నిలిచాయంటే అందులో నది చేసింది సగమే. మిగతా సగం మనుషులు చేసుకున్నది. ఇంట్లోంచి వీధిలోకి ఇటుకలతో కాలువ కట్టారు, పైన మూత వేశారు, పూడుకుంటే ఎత్తి శుభ్రం చేసే వీలు ఉంచారు. పెద్ద ఇళ్ళతో పాటు చిన్న ఇళ్ళకూ ఆ ఏర్పాటు చేశారు.

"నీళ్లు తెచ్చుకునుడు అందరికెరుకే బిడ్డా. వాడుకున్నంక ఎటు పంపాలెనో ఎరుకైనోళ్లే ఊరు కట్టిండ్రు. సరే గని, మన సింకుల నీళ్లు ఎటు పోతున్నయో చెప్పు?"

పైపులోకి అన్నాను. ఆ పైపు ఎక్కడికని అడిగింది. నాకు తెలియదు. అమ్మనూ నాన్ననూ అడిగితే వాళ్ళకూ తెలియదు.

అక్కడి చెక్క ఇళ్ళ కింద మనిషి పాకేంత ఖాళీ ఉంటుంది. మా ఇంటి పక్క గోడకు, నేలకు ఆనుకుని, అందులోకి ఒక పొట్టి తలుపుండేది. టార్చ్ పట్టుకుని ఇద్దరం వంగి చూశాం. తమ్ముడి గది కిందంతా బురద, ముక్కు పగిలే కంపు.

ఓనర్‌ను పిలిపిస్తే అది వాన నీరేనని కొట్టిపారేశాడు. మళ్ళీ మా కూరల మీద పడ్డాడు. నాన్న మళ్ళీ సారీ అనబోయాడు. అత్తమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా డబ్బాలో ఉన్న పసుపంతా బకెట్ నీళ్ళలో కలిపి, అతని కళ్ళముందే సింకులో పోసింది. టార్చ్ అతని చేతిలో పెట్టి నా వైపు తిరిగింది.

"కిందికి పోయి జూడుమను."

నేను ఇంగ్లీషులో చెప్పాను.

అతను మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. పగిలిన పైపులోంచి పచ్చటి నీళ్ళు సరిగ్గా తమ్ముడి మంచం ఉన్నచోట కిందికి కారుతున్నాయి. లేచి ప్యాంటు దులుపుకుని, ప్లంబర్‌ను పంపిస్తానన్నాడు. తప్పయిందని అనలేదు. పిల్లాడి వైపు చూడనైనా లేదు.

పైపు మార్చడానికి ఒక్క పూట పట్టింది. ఒక్క పూట పని కోసం మా తమ్ముడు రెండు చలికాలాలు ఊపిరాడక కొట్టుకున్నాడు! గది ఆరింది, వాడు బతికాడు. కాని ఆ ఊపిరితిత్తులు మళ్ళీ పూర్తిగా బాగుపడలేదు.

ఇప్పుడు నేను ఆక్లాండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ మనవాళ్ళు బాగా సెటిల్ అయ్యారు, ఇళ్ళు కొన్నారు, సభల్లో మైకు పట్టుకుని మన ప్రాచీన నాగరికత గొప్పలు చెబుతున్నారు. అలా చెప్పే ఒక పెద్దమనిషి ఇంటి కింది గదిలో అద్దెకుంటున్న వరంగల్ అమ్మాయి మొన్న దగ్గుతూ నా దగ్గరికి వచ్చింది. గోడలు కారుతున్నాయంటే, నచ్చకపోతే వేరే ఫ్లాట్ చూసుకోమన్నారట. మా అత్తమ్మ నాకిచ్చి పోయిన కోపం అరిచే రకం కాదు. అది జవాబు వచ్చేదాకా కదలదు. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన నవ్వుతూ ఎదురొచ్చి కాఫీ తాగుతారా అన్నాడు.

"కాఫీ వద్దండీ. ఈ పిల్ల పడుకునే గదిలో ఇవాళ మీ మనవణ్ణి పడుకోబెడతారా?" అని అడిగాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.