నూకరత్నానికి రాని లెక్క

చోడవరంలో నూకరత్నం దగ్గర ట్యూషన్ చదివే పిల్లలకు ఆమె నోరంటే హడల్. ఆమెకు మాత్రం బట్టీ పట్టే పిల్లలకన్నా పట్టించే పెద్దలంటేనే ఒళ్లుమంట. అందుకే లెక్క చెప్పదు. బోర్డు మీద కావాలనే తప్పు జవాబు రాసి, అదే రైటని మొండికేసి, పిల్లల చేత తనతో దెబ్బలాడిస్తుంది.

ఆ సాయంత్రం, ట్యూషన్‌లో కూర్చున్న తనూజ తల్లి పైడితల్లి చెప్పులతోనే వరండా ఎక్కేసింది.

"లెక్కలన్నీ మా గుంటనే అడుగుతన్నావంట! నీకు రావేటి?"

"రావు," అంది నూకరత్నం సుద్దముక్క కింద పెట్టకుండానే. "సగానికి మూడోవంతు కలిపేను. అయిదింట రెండొంతులొచ్చింది. తప్పయితే మీ గుంటని సెప్పమను."

తనూజ బళ్లో పేరడిగినా తల దించుకునే పిల్ల. ఇప్పుడు మొహం ఎర్రగా చేసుకుని లేచింది.

"తప్పే టీచర్! సగం చెరుకుగెడకి ఇంకో ముక్క కలిపితే సగం కంటే తగ్గిపోద్దేటి? గెడని ఆరు ముక్కలు చెయ్యండి. సగమంటే మూడు, మూడోవంతంటే రెండు. ఆరింట అయిదొంతులు!"

పైడితల్లి కూతురి సంచీ లాక్కుంది. "సూసేవా? మా గుంటకి అన్నీ వచ్చు. నీకే ఏటీ రాదు. రేపట్నుంచి పంపను, ఫో!"

అసలు సంగతి నూకరత్నం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే మిగతా పిల్లలు ఇక దెబ్బలాడరు. పళ్లు కొరికి మింగేసింది.

తల్లీకూతుళ్లు మెట్లు దిగగానే, మూల కూర్చుని నోరు మెదపని ఆర్జూ మీద విరుచుకుపడింది.

"ఏటే సూస్తన్నావు? నాకు లెక్కలు రావని ఇన్నావు కదా. లే, నువ్వు సెప్పు!"