గాజుపట్టీ కింద నలభై రోజులు

"...పగిలినప్పుడు ఏడుద్దాంలే వదినా, ఇప్పట్నుంచే ఎందుకు?" అన్నాడు మరిది, రాగి గంగాళాన్ని తోపుడుబండి మీదికి ఎత్తుతూ.

"మెల్లగా ఎత్తు. జారిందంటే ఆ చప్పుడు చాలు."

"చూశావా, భయం నీకూ ఉంది. తిట్లు మాత్రం నాకు."

"సుత్తికి భయపడే రాగిపనివాళ్లు ఎక్కడన్నా ఉంటారా? మనమే."

పక్క కొట్టు తాత తలెత్తాడు. "పోట్లాడుకోండమ్మా, వద్దనను. గొంతులు తగ్గించి పోట్లాడుకోండి. పైన గాజుంది."

ఆ పాత బజారు మొత్తానికీ ఒకటే కప్పు. ఇటుకతో, సున్నంతో కట్టిన గుమ్మటాలు వరసగా ఉంటాయి. ప్రతి గుమ్మటం నడినెత్తినా వెలుతురు దిగడానికి ఒక గుండ్రటి కంత. మూడో గుమ్మటం కింద ఎదురెదురుగా ఆరు రాగి కొట్లు. వాటిలో ఒకటి ఈ వదినది. బజారంతటికీ కళాయి వదిన. పంతొమ్మిదేళ్లప్పుడు కోడలిగా వచ్చి, గిన్నెల లోపల తగరం పూత పూయడం అత్త దగ్గర నేర్చుకుంది. భర్త పోయాక సుత్తీ పట్టింది. వీపు తిప్పి కూర్చున్నా, ఏ దెబ్బ ఎవరిదో చెప్పేస్తుంది.

గుమ్మటాన్ని మోసే కమానులో పగులు ఎప్పట్నుంచో ఉంది. ఈమధ్య అందులో వేలు దూరుతోంది. ఇంజనీరు వచ్చి, నిచ్చెన వేయించి, పగులుకు అడ్డంగా సన్నటి గాజుపట్టీ అతికించి తారీఖు రాశాడు.

"రోజూ చేసే పనే చేసుకోండి. నలభై రోజులకు వస్తాను. గాజు పగిలితే కమాను కదులుతున్నట్టు, వరసంతా ఖాళీ చేయాలి. పగలకపోతే ఫరవాలేదని రాసిస్తాను."

ఆయన గుమ్మం దాటగానే ఆరు కొట్లవాళ్లూ ఒక మాట మీదికి వచ్చారు. పెద్ద సుత్తి తీయకూడదు. గంగాళాలు మరిది పెరట్లో కొట్టాలి. ఇక్కడ కొయ్యసుత్తి పని, కళాయి, మెరుగు. అంతే. ఆవిడా తలూపింది.

వరస మూగబోయింది. దారినపోయేవాళ్లు ఆగి, "ఎవరన్నా పోయారా?" అని అడిగేవారు. ఆవిడ గిన్నె తిప్పిన ప్రతిసారీ పైకి చూసేది. మెడ పట్టేసింది.

ముప్ఫై మూడో రోజున కళాయి అంటుకోలేదు. కాలిన గిన్నెలో నవాసారం పొడి చల్లి, తగరం కరిగించి, దూదితో తిప్పింది. అడుగున మిరియపు గింజంత మచ్చ మిగిలింది. మళ్లీ తోమి మళ్లీ పూసింది. ఈసారి రెండు మచ్చలు. వేలితో రుద్దితే ఎర్రటి పొడి. పక్కన తెల్లగుడ్డ పరిచి చూసింది. సాయంత్రానికి దాని మీద పడ్డ పొడిలో వేలితో గీత గీస్తే కనబడింది.

గుడ్డ మరిదికి చూపించింది. "సుత్తే పడట్లేదు కదా. మరి ఇదెందుకు రాలుతోంది?"

"ముసలి ఇటుక వదినా. దానికీ చుండ్రు ఉంటుంది."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఎవరితోనూ అనకు," అన్నాడు మరిది గొంతు తగ్గించి. "ఇంకో వారం. ఇక్కణ్ణుంచి లేపేస్తే ఊరవతల రేకుల షెడ్డే మనకి. అక్కడికి గిన్నె పట్టుకుని ఎవడొస్తాడు? ఆ కంతలోంచి వచ్చే వెలుతురు లేకపోతే నీకు మచ్చయినా కనబడుతుందా?"

అది నిజమే. తాత లేవాలంటే ఇద్దరు చెయ్యందించాలన్నదీ నిజమే. ఆ వారమంతా ఆవిడ తాత పీటను కమాను కిందినుంచి రోజుకు కొంచెం బయటికి జరుపుతూ వచ్చింది. ఆయన గొణుక్కుంటూ మళ్లీ లోపలికి లాక్కునేవాడు.

నలభయ్యో రోజు పొద్దున్నే ఇంజనీరు నిచ్చెనెక్కాడు. టార్చి వేసి చాలాసేపు చూశాడు. ఆరు కొట్లవాళ్లూ నిచ్చెన చుట్టూ చేరారు.

"వెంట్రుకవాసి గీత కూడా లేదు," అన్నాడు దిగుతూ.

తాత గట్టిగా ఊపిరి వదిలాడు. మరిది టీ అందించాడు. ఇంజనీరు ఫైలు మోకాలి మీద పెట్టుకుని కలం తీశాడు.

కళాయి వదిన చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకు వచ్చింది.

"సంతకం పెట్టకండి సార్. ఈ నలభై రోజులూ ఇక్కడ పెద్ద సుత్తి పడలేదు. నా సామాను సాయంత్రానికి బయట పెట్టేసుకుంటున్నాను."