మూడు మొగ్గలు తక్కువ

మొన్న జగిత్యాల బస్టాండులో సిరిసిల్ల బస్సు కోసం నిలబడి ఉంటే ఒకామె మల్లెదండల గంప పట్టుకుని వచ్చింది. మూర అడిగితే ముంజేతితో కొలిచి ఇచ్చింది. బస్సెక్కి కూర్చుని లెక్కపెడితే ముప్పై ఒక్క పూలున్నాయి. మా ఇంట్లో మూరకు నలభై. తడిగుడ్డ కింద మగ్గిన ఆ వాసన మాత్రం అదే. ఆ వాసన తగిలితే చాలామందికి పెళ్లిళ్లూ వేసవి సెలవులూ గుర్తొస్తాయట. నాకు కోపం వస్తుంది. నలభై ఏళ్లు దాటినా అందులో ఒక్క పిసరు తగ్గలేదు.

కోరుట్లలో మా పెంకుటింటి వెనక పెరడు ఇరవై రెండు అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. బట్టల దుకాణంలో పనిచేసే బాపు తెచ్చిన గజం బద్దతో నేనే కొలిచాను. అంత చిన్న జాగాలో చేదబావి పక్కన దానిమ్మ, దాని నీడలో మరువం, పొయ్యి బూడిద పోసే మూల కరివేపాకు, స్నానాల నీళ్లు పారే కాలువ పొడవునా కనకాంబరాలు, గోడ మీదికి పాకిన బీరతీగ, సాయంత్రమైతే గానీ కళ్లు తెరవని చంద్రకాంతలు, అన్నిటికంటే ఎత్తుగా, వెనక మనిషి దాక్కునేంత గుబురుగా మల్లెపొద. కామునిపున్నమికి మోదుగుపూల రంగు చల్లుకుని వచ్చి ఆ బావి దగ్గరే ఒళ్లు కడుక్కునేవాళ్లం. ఉగాదికి పచ్చట్లోకి వేపపూత రాల్చుకునేదీ, వేడి బచ్చాల, అంటే బొబ్బట్ల, మీద నెయ్యి కారుతుంటే చేతులు నాకుతూ తినేదీ ఆ మల్లెపొద పక్క బండమీదే.

పెరడంతా మా మేనత్త లచ్చవ్వది. బాపుకు అక్క. పెళ్లయిన రెండో ఏడు మొగుడు పోతే, పంతొమ్మిదేళ్ల వయసులో తమ్ముడి ఇంటికి వచ్చేసింది. మాఘమాసంలో మల్లెకు నీళ్లు ఆపేసేది. ఆకంతా చేత్తో దూసి మోడు చేసేది. మొదలు చుట్టూ మట్టి తీసి వేళ్లకు ఎండ తగలనిచ్చేది. శివరాత్రి తెల్లవారి మేకల ఎరువు వేసి, మట్టి కప్పి, బావిలోంచి మొదటి బొక్కెన చేది పోసేది. పాపం కదా అత్తా, చచ్చిపోతుంది కదా అని అడిగితే నవ్వేది.

"ఎండవెట్టి ఆకలిగొడ్తెనే పూస్తది బిడ్డా. దానికి గదే అలవాటు."

సాయంత్రం నాలుగింటికి, మొగ్గ విచ్చకముందే, ఇద్దరం కోసేవాళ్లం. అత్తకు అక్షరం రాదు. లెక్క నాది. మొగ్గలన్నీ లెక్కపెట్టి, బావిపక్క సున్నపు గోడ మీద బొగ్గుతో మొత్తం రాసి, దాని కింద ఏ ఇంటికి ఎన్నో ఇంటి మొదటి అక్షరంతో రాసేదాన్ని. బాలవ్వ ఇంటికి బ, సత్తవ్వ ఇంటికి స, కమలమ్మ ఇంటికి క, గుడికి గు, మా అమ్మకు అ. వాడలో ముత్తయిదువలందరి తలల్లో మా అత్త పెంచిన పూలు. ఆమె తలలో లేవు. ఎందుకు లేవని నేను ఎన్నడూ అడగలేదు. ఆ లెక్క నాకు తోచనే లేదు.

అది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన కాలం. నాకు పదకొండేళ్లు. గోడల మీద ఎర్రరాతలు రాసేవాళ్లను వెతుక్కుంటూ, అన్నలకు అన్నం పెట్టిందెవరని అడుగుతూ పోలీసులు వాడవాడా తిరిగేవాళ్లు. ఉగాది దాటిన పన్నెండో రోజు మా ఇంటికి వచ్చారు. అప్పుడే పూలు కోసి, లెక్క రాసి, గంప అరుగు మీద పెట్టి చేతులు కడుక్కుంటున్నాను. ముందున్న ఆఫీసరు మా ప్రాంతం వాడు కాదు. గోడ ముందు ఆగాడు.

నూట ఎనభై ఏడు. బ 40, స 40, క 40, గు 30, అ 37.

"ఏంటిది? ఎవరికెన్ని రొట్టెలు? అ అంటే అన్నలా?" అని బాపు అంగీ గల్లా పట్టుకున్నాడు.

నేనే అడ్డం పోయాను. "గవి మల్లెమొగ్గల లెక్కలు సార్. అ అంటే మా అమ్మ."

"మొగ్గలు ఎవరైనా లెక్కపెడతారటే?"

గంప తెచ్చి అతని ముందు పెట్టాను. జవానొకడు లెక్క మొదలుపెట్టి, వంద దాటగానే విసుగొచ్చి లేచాడు. "పూలే సార్. పోరి పిచ్చిది." ఆఫీసరు గల్లా వదిలేశాడు. వెనక్కి తిరిగాడు. అక్కడితో అయిపోయేది. నేను మాత్రం గంప వదల్లేదు. నా లెక్క నిజమని రుజువు కావాలి నాకు. మిగిలినవి పైకి వినబడేలా లెక్కపెట్టాను. నూట ఎనభై నాలుగు వచ్చింది.

"మూడు తక్కువున్నయ్," అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆఫీసరు తిరిగాడు. బాపు చెంప మీద కొట్టాడు. "ఏవిరా మూడు? దేనికి గుర్తు ఆ అంకె?" అప్పటికి తలుపుల్లో, గోడల మీదుగా వాడంతా చూస్తోంది. రెండో దెబ్బకు చెయ్యి లేచేసరికి అత్త ముందుకు వచ్చింది. బొడ్లో దోపుకున్న కొంగుముడి విప్పింది. మూడు మొగ్గలు. ఒంటి వేడికి అప్పుడే విచ్చుకుంటున్నాయి.

"నేనే తీస్కున్న సారూ. వాసనకు. తలల పెట్టుకోలే," అంది.

ఆఫీసరు నవ్వాడు. జవాన్లు నవ్వారు. దీనెనక ఎవడైనా నక్కుతాడు, నరికేయండి అని పొద చూపించాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వాళ్ల మీద కోపం నాకు ఉంది, చచ్చేదాకా ఉంటుంది. అయితే వాళ్లు జీపెక్కి పోయారు. పోనివాళ్లు వాడలో వాళ్లు. బాలవ్వ గోడ అవతలి నుంచే అంది, "ముండమోసినదానికి మల్లెపూల సోకేందమ్మా? గా చేతులతోని ఇచ్చినయేనా మనం గిన్నొద్దులు పెట్టుకున్నది?" ప్రతి ఎండాకాలం, రోజూ, మా అత్త పూలు తలలో ముడుచుకున్న మనిషి! సత్తవ్వ తలాడించింది. మా అమ్మ కూడా ఆ పూట అత్త చేతి మంచినీళ్లు తాగలేదు. భూమి కోసం, కూలి కోసం పాటలు కట్టినవాళ్లు ఉన్నారు, న్యాయమే. ఒక ఆడమనిషి కొంగుముడిలో మూడు మొగ్గలకు మాత్రం ఏ గోడ మీదా రాత లేదు.

బాపు ఒక్కసారి అడిగాడు, "గా ఒక్క మాట అనకుంటె ఏమైతుండె బిడ్డా?" రాత్రి భోజనానికి రాని అత్తను పిలవడానికి పోయి ఏడిస్తే, ఆమె నా తల నిమిరి, "నీ లెక్క తప్పు కాలే. ఒప్పే," అంది. తిట్టినా బాగుండేది.

ఆషాఢంలో మోడు చిగురించింది. నేను సంబరంగా అత్తను పిలుచుకొచ్చాను. ఆమె గడ్డపార తెచ్చి వేళ్లతో సహా పెకిలించింది. ఆ తర్వాత ఆమె బతికిన పదిహేడేళ్లలో బీర వేసింది, కాకర వేసింది. పువ్వు కోసం పెంచే మొక్క ఒక్కటి పెట్టలేదు.

ఇప్పుడా ఇల్లు లేదు. బావి పూడ్చేసి పైన సిమెంటు పోశారు. ఆ వాడలో పోయిన నెల తిరిగి చూశాను. పదకొండు ఇళ్లు, పెరడన్నది ఒక్కదానికీ లేదు, గేట్ల మీద ప్లాస్టిక్ తీగలున్నాయి. బాలవ్వ లేదు, సత్తవ్వ లేదు. వాళ్ల మాట మాత్రం ఉంది. ఆరేళ్ల కింద నా భర్త పోయినప్పుడు, పదో రోజున నా తలలో పూలు పెట్టి తీసేయడానికి వాళ్ల కోడళ్లే వచ్చారు. పెట్టినవి పెట్టినట్టే ఉండనివ్వండి అన్నాను. అప్పటినుంచి రాకపోకలు తగ్గాయి. తగ్గనీ.

బస్సు కదిలాక దండలోంచి మూడు పూలు తీసి జుట్టుముడిలో గుచ్చుకున్నాను. పక్కసీటులో ఆమె నా బోసి మెడ చూసింది, నుదురు చూసింది, తర్వాత పూలవైపు చూస్తూ ఉండిపోయింది.

"మూడున్నయ్," అన్నాను. "కావాల్నంటె లెక్కవెట్టుకో."