సంతకం పెట్టని కౌలు కార్డు

నాన్న పోయాక నకరికల్లు పక్క ఊళ్లో ఉన్న మూడెకరాలు నా పేరు మీదికి వచ్చాయి. నాకు సత్తెనపల్లిలో బట్టల కొట్టు. చేలో ఏది పైరో ఏది కలుపో గట్టు మీద నిలబడి చెప్పలేను. నాన్న ఉన్నప్పటి నుంచీ ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్నది మా ఊరి ఆయన ఒకరు. చుట్టరికం లేకపోయినా ఆయన్ను బాబాయి అని, ఆయన భార్యను పిన్ని అని పిలవడం చిన్నప్పటి అలవాటు.

ఒక ఏడు తొలకరి వానలప్పుడు ఇద్దరూ కొట్టుకు వచ్చారు. బాబాయి చేతిలో ఒక ఫారం ఉంది. కౌలు కార్డు కోసం దాని మీద భూమి యజమాని సంతకం కావాలట. ఆ కార్డు ఉంటే బ్యాంకులో పంట లోను అడగొచ్చు, పంట పోతే సర్కారు ఇచ్చే పరిహారం సాగు చేసినవాడి పేరు మీదే పడుతుంది. కార్డు పదకొండు నెలలే చెల్లుతుందని, దానివల్ల భూమి మీద హక్కేమీ రాదని కూడా ఆయనే చెప్పాడు. ఫారం చదివాను. ఆయన చెప్పినట్టే ఉంది.

అన్నయ్యను అడిగి చెబుతానన్నాను. అన్నయ్య ఫోన్లో ఒకటే మాట అన్నాడు.

"సంతకం పెట్టావంటే రేపు కోర్టుల చుట్టూ తిరగాల్సొచ్చుద్ది."

నేను పెట్టలేదు. పెట్టనని చెప్పనూ లేదు. వచ్చే వారం చూద్దాం, ఈ పెళ్లిళ్ల సీజను పోనీ అంటూ జరిపాను. నాలుగుసార్లు బస్సెక్కి వచ్చి వెళ్లిన బాబాయి ఆ తర్వాత రావడం మానేశాడు. ఎరువులు, పురుగుమందులు అరువుకు తెచ్చి మిరప నాటాడు.

పూత మీద నల్ల తామర పురుగు పడింది. మిగిలిన కాయ ఎర్రబడే వేళకు వానలు పట్టుకున్నాయి. నేను చూడబోయేసరికి పిన్ని తెల్లబడిన తాలు కాయలు వేరు చేస్తోంది. గట్టు మీద కూర్చున్న బాబాయి నన్ను చూసి లేచి మంచినీళ్లిచ్చాడు. కార్డు మాటే ఎత్తలేదు. తిడితే బాగుండుననిపించింది.

ఎండాకాలంలో నా ఫోనుకు బ్యాంకు మెసేజ్ వచ్చింది. పంట నష్టపరిహారం నా ఖాతాలో పడింది. ఊరి సచివాలయం గోడకు అంటించిన రైతుల జాబితాలో నా పేరే ఉంది. నేను ఆ చేలో ఒక్క మొక్క నాటలేదు.

ఆ డబ్బు కవర్లో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. గొడ్ల చావిడి ఖాళీగా ఉంది. బాకీ కింద గేదెలు రెంటినీ పురుగుమందుల కొట్టతను తోలుకుపోయాడట. బాబాయి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కవరు పిన్ని ముందు పెట్టాను. ఆమె ముట్టుకోలేదు.

"నీ పేరు మీద పడ్డయ్యి నాకెందుకు నాయనా," అంది. "నీ కొట్టుకి మేం డబ్బులడగను రాలా. ఈ పొలం చేసేది మేమేనని ఒక్క కాయితం మీద ఒప్పుకోమన్నాం. అదే చానా ఎక్కువైంది నీకు."

ఫారం ఇస్తే ఇప్పుడే సంతకం పెడతానన్నాను.

"చేలో ఏముందని పెడతావు?" అన్నాడు బాబాయి, ఇటు తిరక్కుండానే.

ఆ నెలలోనే ఇంటికి తాళం వేసి ఇద్దరూ కృష్ణ దాటి కూలికి వెళ్లిపోయారు. మరుసటి ఏడు అక్కడి మిర్చి కల్లంలో బస్తా ఎత్తుతూ బాబాయి కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరకముందే పోయాడని చెప్పారు. ఊరికి తెచ్చిన రోజు వెళ్లాను. పిన్ని నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు, ఏడవనూ లేదు. ఎప్పుడొచ్చావని మాత్రం అడిగింది. పెద్ద కర్మ అయ్యాక మళ్లీ కూలికే వెళ్లిపోయింది.

పొలం ఇప్పుడు వేరే అతను చేస్తున్నాడు. అతను అడగకముందే నేను ఊరికి వెళ్లి సంతకం పెట్టి వచ్చాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పటి నుంచి అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. పిన్నికి ఆ సంగతి ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు.