నార్మల్ అని వచ్చిన రిపోర్టు

2021 వానాకాలం. సూరత్‌లో కరోనా రెండో వేవ్ తగ్గి, ఆస్పత్రుల్లో మంచాలు ఖాళీ అవుతున్న రోజులు. ఒక ఛాతీ డాక్టరుగారి క్లినిక్‌లో నేను స్పైరోమెట్రీ టెక్నీషియన్‌ని. గొట్టంలోకి ఊదించి, మనిషి ఎంత గాలి పీల్చి వదలగలడో కొలవడం నా పని. అప్పటికి తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. ఆ రోజుల్లో ప్రతి పేషెంటుకూ కొత్త ఫిల్టరు పెట్టి, కిటికీలు బార్లా తెరిచి, ఒకరు వెళ్లాక అరగంట ఆగి ఇంకొకరిని పిలిచేవాళ్లం. పీపీఈ కిట్‌లో నా కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు.

అలాంటి ఒక రోజు రాజేశం వచ్చాడు. నలభై ఏడేళ్లు, బమ్రోలిలో పవర్‌లూమ్ కార్మికుడు, సొంతూరు సిరిసిల్ల వైపు. కరోనాతో పద్దెనిమిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డాడు. రెండు నెలలు దాటినా మెట్లెక్కితే ఆయాసం.

"జోర్ సే ఫూంకో" అని హిందీలో రెండుసార్లు అరిచాను, గట్టిగా ఊదమని. రెండుసార్లూ గాలి పెదాల పక్కనుంచి పోయింది. మూడోసారి నాకు తెలియకుండానే మా ఇంటి తెలుగు వచ్చేసింది. "ఊదు కాకా, ఊదు, ఊదు, ఇంకా ఉన్నది, ఊదు!"

ఊదడం అయ్యాక కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "నువ్వు మనోళ్ల పిల్లవేనా? ముందుగాల్నే చెప్తే మంచిగ ఊదేటోణ్ణి గద బిడ్డా."

రిపోర్టు ఎనభై రెండు శాతం వచ్చింది. ఎనభై దాటితే నార్మల్ కింద లెక్క. ఆ మాటే చెప్పాను. అతని మొహంలో నవ్వు పోయింది.

"నార్మల్ అంటే మల్ల లూమ్ మీదికే. ఫేఫడా, గదే ఊపిరితిత్తి, ఖరాబున్నదని కాయితం తెస్తే బట్ట మడతపెట్టే ఫోల్డింగుల కూసోపెడ్తనన్నడు సేఠ్. లేకుంటే పన్నెండు గంటలు నిలబడాలె. ఇప్పుడు గీ క్లినిక్ మెట్లెక్కుతాంటే కండ్లు తిరిగి కూసున్న. గిదేం నార్మల్?"

"నీ వయసుకు, ఎత్తుకు, మనోళ్లకు ఎంతుండాలో మెషిన్ల ఉంటది కాకా. దాంతోని పోల్చి చెప్తది."

"మనోళ్లు అంటే ఎవలు?"

మెషిన్‌లో పేరు, వయసు, ఎత్తు తర్వాత జాతి అని ఒక గడి ఉంటుంది. అందులో 'ఇండియన్' అని నొక్కితే, యూరప్ తెల్లవాళ్లకు ఉండాల్సిన అంకెలోంచి కొంత కోసేసి మనకు లెక్క కడుతుంది. మన ఊపిరితిత్తులు పుట్టుకతోనే చిన్నవని దాని నమ్మకం. తొమ్మిదేళ్లుగా ఆ గడి నొక్కుతూనే ఉన్నాను. అదే అతనికి చెప్పాను.

రాజేశం మెషిన్ వైపు చూశాడు. "మా రూంల పదకొండు మందిమి. అందరం లూమోళ్లమే, అందరికీ దమ్మొస్తది. మమ్ముల నిలబెట్టి కొలిస్తే, గిదే నార్మల్ అని వస్తది. గట్ల కొలిచిన్రా ఏంది?"

లూమ్ పనికి ఏ వయసులో వచ్చావని అడిగితే, పన్నెండో ఏట అన్నాడు. అతన్ని బెంచీ మీద కూర్చోమని, ఆ గడిలో 'ఇండియన్' తీసి తెల్లవాళ్లది పెట్టి లెక్క మళ్లీ తీశాను. డెబ్బై రెండు వచ్చింది. రెండు కాగితాలూ పట్టుకుని డాక్టరు సార్ దగ్గరికి వెళ్లాను.

మా సార్ గుజరాతీ, నెమ్మదస్తుడు. మా మాటలు హిందీలో సాగేవి. "తేడా ఉన్నమాట నిజమే కదమ్మా. మనవాళ్ల ఒంటి తీరు వేరు, కాళ్లతో పోలిస్తే ఛాతీ పొట్టి. తెల్లవాళ్ల అంకె పెడితే సగం సూరత్ రోగిష్టిదని తేలుతుంది. బాగున్నవాళ్లకు కూడా ఫిట్‌నెస్ రాదు, ఉద్యోగాలు పోతాయి. అది అన్యాయం కాదా?"

ఆ మాటలోనూ న్యాయముంది. అయినా అడిగాను. "సార్, ఇతను పన్నెండో ఏట లూమ్ పనికి వచ్చాడు. కడుపునిండా తినకుండా, దుమ్ములో పెరిగిన మనిషి ఛాతీ చిన్నదైతే, అది పుట్టుకా, బతుకా?"

సార్ కళ్లజోడు తీశారు. "కాగితం చూసి ఇది తేల్చలేం. ముందు మనిషిని నడిపించు."

దాన్ని ఆరు నిమిషాల వాక్ టెస్ట్ అంటారు. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి వరండాలో అటూ ఇటూ నడిపించాలి. రాజేశం మొదలుపెట్టినప్పుడు తొంభై ఏడు. నాలుగో నిమిషానికి ఎనభై ఎనిమిది. గోడ పట్టుకున్నాడు. కుర్చీ వేస్తుంటే "ఇంకో చక్కర్ కొడ్త, ఫెయిల్ చేయకు" అన్నాడు. ఫెయిలైతేనే అతనికి మేలన్న సంగతి ఆ క్షణంలో మరిచిపోయాడు పాపం.

మర్నాడు స్కాన్ వచ్చింది. రెండు ఊపిరితిత్తుల అడుగు భాగాల్లోనూ మచ్చలు.

ఆ సాయంత్రం సార్ నా గదిలోకి వచ్చి, "కొత్త ఫిల్టరు పెట్టు, నేను ఊదుతాను" అన్నారు. ఊదారు. ఇండియన్ లెక్కలో నూట ఎనిమిది శాతం. కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"నేను పాలూ నెయ్యీ తిని పెరిగాను. కాలేజీలో ఈత కొట్టేవాణ్ణి. ఆ గడిలో నేనూ ఇండియనే, అతనూ ఇండియనే." కాగితం బల్ల మీద పెట్టి అన్నారు. "ఇద్దరు మనుషులతో తేలే వాదన కాదిది. పుట్టుకతో కొంత తేడా ఉండొచ్చు, లేకపోవచ్చు. కానీ నిన్న నువ్వు రాకపోతే నేను నార్మల్ అని సంతకం పెట్టేసేవాణ్ణి."

రాజేశానికి కొన్ని వారాలు మందులు వాడి, శ్వాస వ్యాయామాలు నేర్పించాం. ఊపిరితిత్తులు బాగాలేవని సార్ స్వయంగా ఉత్తరం రాసిచ్చారు. సేఠ్ మాట నిలబెట్టుకున్నాడు, ఫోల్డింగుకి మార్చాడు. మరుసటి వేసవికి అతను ఆరు నిమిషాలూ ఆగకుండా నడిచాడు. పూర్తిగా బాగుపడలేదు, పడడు కూడా. కానీ ఆ రోజు మెట్ల దగ్గర కూర్చోకుండా వెళ్లిపోయాడు.

అంతకుముందు నేను నార్మల్ అని చెప్పి పంపించిన లూమ్ కార్మికులు ఎందరో. వాళ్లలో ఎవరికి ఆయాసం ఉండిందో నేను అడగలేదు. ఆ బరువు ఇప్పటికీ ఉంది. ఒక జనానికీ ఇంకొక జనానికీ మధ్య తేడా కనిపిస్తే, అది వాళ్ల ఒంట్లోనే పుట్టిందని అనుకోవడం చాలా సులువు. నేను తొమ్మిదేళ్లు ఒక్క నొక్కుతో అలా అనుకున్నాను.

ఇప్పుడు మెషిన్ ఆన్ చేసే ముందు ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతాను. ఏ వయసులో పనిలో చేరారు, ఏం పని? జవాబు రిపోర్టు పైన రాస్తాను, సార్ ముందు చదివేది అదే. మొన్నొకామె ఆ ప్రశ్నకు నా మొహంలోకి చూసి, "గిది గిన్నేండ్లల్ల ఏ దవాఖానల ఎవలూ అడగలే బిడ్డా" అంది. తర్వాత వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని చెప్పింది, తొమ్మిదో ఏట అని. రాసుకున్నాను.